నిమ్మకాయతో తోమిన బాకు

కువైట్లో జహ్రా అనే ఊళ్లో నేను పనిచేసే ఇంట్లో మగవాళ్లు కూర్చునే దివానియా గది ఒకటుంది. గోడల నిండా పాత కత్తులే. బాబాకు అదో పిచ్చి; ఇక్కడ ఇంటాయన్ని బాబా, ఇంటామెను మామా అంటారు. బుధవారం మధ్యాహ్నం మామా కొత్తగా వచ్చిన బాకొకటి నా ముందు పెట్టి "తుడువు" అనింది. వంకర్లు తిరిగిన బాకు, నిండా తుప్పు. మా కడపలో ఇత్తడి చెంబులు తోమినట్టే నిమ్మచెక్క, ఉప్పు పెట్టి తోమేసినాను. నాకేం తెలుసు?

డ్రైవర్ ఖాజా హుస్సేన్ టీ గ్లాసులు తీసుకుపోను వచ్చినాడు. రాయచోటి మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి, నన్ను నోరారా అక్కా అంటాడు.

"ఎంత పని చేసినావక్కా! ఇది మలయా దేశపు పసుపు తలపాగా సుల్తాన్‌ది. పోర్చుగీసోళ్లు ఫిరంగులతో వస్తే ఏండ్ల తరబడి ఎదురు నిలిచినాడంట. కడాకు సొంత మనిషే కోట తలుపు తీసినాడు. ఆ మనిషి ఎవరో తెలీకుండానే సుల్తాన్ సచ్చిపోయినాడు. బాకును నిమ్మరసంతో కడిగితే లేచొచ్చి ఆ పేరు అడుగుతాడంట. బాబా చెప్తాంటే విన్నా."

"పోరా! సచ్చినోళ్లంతా లేచేదుంటే కువైట్లో మనకు చోటుంటాదా?" అని నవ్వినాను.

నా గోస వేరే. కూతురికి తొలికాన్పు దగ్గర పడింది. మూడేండ్లుగా మామా సెలవియ్యలేదు, పాస్‌పోర్టు బీరువాలో పెట్టుకునింది. ఖాజా ఆ బాకు పక్కనే నిలబడి గుసగుసగా చెప్పినాడు. "రేపు పొద్దున్నే, అక్కా. పాస్‌పోర్టు నేను తెస్తా. ఎంబసీ కాడ దించేస్తా. ఎవరికీ చెప్పొద్దు."

మూడు గంటలకు దుమ్ము లేచింది. కిటికీలు ఎర్రబడినాయి, తర్వాత నల్లబడినాయి. కరెంటు పోయింది. దివానియా తలుపు సందులోంచి వాసన... వానలకు ఏరు పొంగినప్పుడొచ్చే బురద వాసన. దాంట్లో కాలిన టపాకాయల మందు. ఈ ఎడారిలో ఏరెక్కడిది?

తొంగి చూసినా. ఎవ్వరూ లేరు. బాకు మొన మీద నిలబడి ఉంది... మెల్లగా తిరుగుతా ఉంది.

చెవి దగ్గర తడి ఊపిరి.

"తలుపు తీసింది... ఎవరు?"

వంటింట్లోకి పరిగెత్తినా. ఎదురుగా మామా.

"రేపు ఎంబసీకి పోతావా? నా ఇంట్లో తిని!"

ఫోను గుంజుకుని, బట్టలుతికే గదిలోకి నెట్టి తాళమేసింది.

ఈ మాట ఖాజాకు తప్ప ఎవ్వరికీ తెలీదు. అక్కా అక్కా అంటానే గొంతు కోసినాడే! తోడబుట్టినోడని నమ్మితినే, మనవరాలో మనవడో నా చేతుల్లో పడకుండా చేసినాడే పాపిష్టోడు!

తలుపు కింద నుంచి బురద వాసన వచ్చింది.

"ఎవరు...?"

భయం కన్నా కోపమే పెద్దదైంది. "ఖాజా హుస్సేన్! వాడే! వాడే!" అని అరిచినా.

వాసన పోయింది. గాలి కూడా ఆగిపోయింది.

పొద్దున్నే మామా తాళం తీసి, డ్రైవర్ లేవలేదు, పిలువు అనింది. ఖాజా గదికి లోపల గడియ. ఇద్దరమూ కిటికీ అద్దం పగలగొట్టి చూసినాము. మోకాటి లోతు బురద నీళ్లు. నీళ్లలో చిన్న చేపపిల్లలు. మనిషి లేడు. కిటికీ పక్కన పై అరలో ఒక కవరు, చెయ్యి పెట్టి అందుకున్నా. దాంట్లో నా పాస్‌పోర్టు, పసిబిడ్డకని కొన్న రెండు జుబ్బాలు.

"అయ్యో తమ్ముడా... నీ పేరెందుకు చెప్తినిరా!" అక్కడే కూలబడినా.

"మామా, నా సంగతి నీకు చెప్పిందెవరు?"

"దివానియాలో కూర్చున్న అతిథి. పసుపు బట్ట తలకు చుట్టుకున్నాడు, బాబా స్నేహితుడేమో. నెమ్మదైన మనిషి. ఇందాక మళ్లీ కనబడి, ఖాజాను పట్టిచ్చింది ఎవరని అడిగాడు. నాకేం అర్థం కాలేదు. ఇంట్లో ఉండేది నువ్వే కదా... నీ పేరు చెప్పాను."