కట్టు మార్చే వేళ

శాంభవికి కట్టు మార్చడానికి నర్సు రూతు వచ్చే వేళకి భర్త ప్రద్యుమ్న ఇంట్లో ఉండడు. ఆ పొద్దున కూడా పెసరట్టు సగంలో వదిలేసి లేచాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. ఆ తలదన్నే మనిషి, వాళ్ళమ్మ దుర్గాంబ, వంటింట్లోనే ఉంది.

"అమ్మా, బండి తాళం చూశావా?"

"నా కొంగున ఉంది. చేతులు సబ్బుతో కడుక్కుని రా. ఇవాళ నర్సమ్మ సామాన్ల పళ్ళెం నువ్వు పట్టుకో."

"నా వల్ల కాదమ్మా, కళ్ళు తిరుగుతాయి. లాయర్ దగ్గరికెళ్ళాలి. ఆ క్లినిక్ వాణ్ణి కోర్టుకీడ్చి మూడు చెరువుల నీళ్ళు తాగిస్తాను."

"వాడి సంగతి తర్వాత. ముందు నీ సంగతి తేలనీ."

దుర్గాంబ కడుపు రగిలిపోతోంది. కాన్పయ్యాక ఒళ్ళు చేసిన పెళ్ళాన్ని చుట్టాలందరి ముందూ 'బస్తా' అని పిలిచింది వీడే. ఆ మాట పడలేక శాంభవి గుట్టుగా ఓ క్లినిక్‌కి వెళ్ళి పొట్ట కొవ్వు తీయించుకుంది. జ్వరమొచ్చినా చెప్పలేదు. అక్కడ పొట్టకి కట్టిన బెల్టు విప్పితే మళ్ళీ జారుతుందని, కింద చర్మం నల్లబడుతున్నా బిగించే ఉంచింది. పెద్ద ఆసుపత్రిలో చచ్చిన కండంతా కోసి తీశాక గానీ ప్రాణం దక్కలేదు. కన్నకొడుకైతేనేం, వీడు ఏడవాలి. తన కళ్ళముందే ఏడవాలి.

రూతు కట్టు విప్పింది. పొట్ట మీద రెండు అరచేతుల మేర ఎర్రటి పుండు. పళ్ళెం పట్టుకున్న ప్రద్యుమ్న కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"కళ్ళు మూసుకోకురా. ఇప్పుడు పిలువు, ఏమని పిలిచేవాడివి?"

పళ్ళెం కింద పెట్టి, మంచం పక్కన కూలబడి వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. "తప్పయిపోయింది శాంభవీ."

దుర్గాంబ కసి తీరలేదు. "ఇంకా ఏడువు" అంది.

శాంభవి గోడవైపు చూస్తూ నెమ్మదిగా అంది. "ఆయన అలా పిలిచినప్పుడల్లా మీరు నవ్వేవారు, అత్తయ్యా."

కోపంగా అనలేదు. దుర్గాంబకి గుర్తొచ్చింది. చుట్టాలకి వడ్డిస్తూ, మావాడికి భలే చమత్కారమని మురిసిపోయింది తనే.

కొంగు ముడి విప్పి తాళం కొడుకు ముందు పెట్టింది. వాడు ముట్టుకోలేదు. లేచి మళ్ళీ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

"నాకేం శిక్ష వేస్తావో వెయ్యి తల్లీ" అంది దుర్గాంబ. కళ్ళనీళ్ళు ఆగలేదు.

 శాంభవి చెయ్యి చాపింది. "కడిగేటప్పుడు ఓర్చుకోలేను. పట్టుకోండి."

రూతు పుండు కడగడం మొదలుపెట్టగానే శాంభవి గోళ్ళు అత్తగారి అరచేతిలో దిగాయి. దుర్గాంబ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.