వాగు ఒడ్డున చేసిన ప్రార్థన

సూర్యకాంతం ఇంట్లో ప్రార్థన కాకుండా పొయ్యి వెలగదు. ఐదింటికల్లా లేవాలి. ముఖం కడుక్కుని చాప మీద కూర్చుని బైబిల్లో ఒక అధ్యాయం చదవాలి. ఒక కీర్తన చూడకుండా చెప్పాలి. ఆపైన ప్రార్థన. భర్త పోయిన ఏడు కూడా ఈ పద్ధతి తప్పలేదు. తెలుగు నేల సరిహద్దుకు అవతలున్న ఎర్రబోరులో సడక్ పక్క రేకుల ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటూ ఒక్కగానొక్క కూతురు దుర్గాభవానిని నర్సు చదువు చదివించగలిగిందంటే ఆ చాప చలవేనని ఆమె నమ్మకం. బాప్తిస్మం అయ్యాక పిల్ల పేరు మార్చమని సంఘంలో కొందరు అన్నారు. తండ్రి ఇష్టపడి పెట్టిన పేరని ఆమె మార్చలేదు.

ఆ పొద్దున తల్లీకూతుళ్లిద్దరూ చాప మీద కూర్చున్నారు. భవాని అధ్యాయం గబగబా చదివేసింది. చదివినదేదీ ఆమె చెవికి ఎక్కినట్టు లేదు.

"కీర్తన చెప్పు," అంది సూర్యకాంతం.

"యాదికి లేదు."

"ఆరేళ్ల పిల్లప్పటి నుంచి చెప్తున్నదే. యాదికి లేకపోవుడేంది? సరే, కళ్లు మూసుకో. చేతులు జోడించు."

భవాని చేతులు ఒళ్లోంచి లేవలేదు. సూర్యకాంతం ఒక్కతే ప్రార్థన ముగించి, విసురుగా చాప చుట్టేసింది.

నెలన్నరగా ఇదే వరస. కూతురు పనిచేసే అడవి పల్లెలో లక్మే అనే బాలింత చనిపోయిందని సూర్యకాంతానికి తెలుసు. నర్సు కొలువులో చావులు తప్పవనీ, ప్రార్థన వదిలితే పిల్ల ఇంకా కుంగిపోతుందనీ అనుకుని రోజూ పట్టుబట్టి లేపుతోంది. పాస్టరుగారిని రెండుసార్లు పిలిపించింది. భవానికి తిండి తగ్గింది, మాట తగ్గింది. కొలువుకు పెట్టిన ఛుట్టీ కూడా ఇవాళ్టితో అయిపోతుంది.

కూతురి డ్యూటీ సంచీ సర్దుదామని తీస్తే అందులో హిందీలో రాసిన కాగితం కనబడింది.

"ఇదేందే?"

"ఇస్తీఫా. కొలువు మానేస్తున్న. నేనింక ఆ పని చెయ్యలేనమ్మా."

సూర్యకాంతం కాగితాన్ని గట్టిగా పట్టుకుంది. భయం కోపంగా మారి నోట్లోంచి వచ్చింది. "ప్రార్థన తప్పినోళ్లకు ఇసుంటి బుద్ధులే పుడతయ్. లక్మే పోయిన రోజు కూడా నువ్వు చాప మీద కూసోకుండానే ఉరికినవ్. ఏదో కీడు జరుగుద్దని నేనప్పుడే అనుకున్నా."

భవాని తల ఎత్తి చూసింది. నెలన్నర తర్వాత మొదటిసారి ఆమె గొంతు పైకి లేచింది.

"ప్రార్థన చెయ్యకపోతే పోయిందనుకుంటున్నవా? చేసినందుకే పోయిందమ్మా ఆమె!"

సూర్యకాంతం కాగితం కుట్టుమిషను మీద పెట్టి కూతురి వైపు తిరిగింది.

"పిల్ల మంచిగనే పుట్టింది. తర్వాత నెత్తురు ఆగలే. సూది ఇచ్చినా. మంచం మీద ఏసుకుని నలుగురు మోసుకొచ్చిండ్రు. వాగు నిండుగ పారుతోంది. అంబులెన్సు బండి అవతలి ఒడ్డున ఆగింది, మేం ఇవతల. నేను పొట్ట మీద గట్టిగ నొక్కి పట్టుకుంటే నెత్తురు తగ్గేది, వదిలితే వచ్చేది. గంటన్నర అట్లనే పట్టుకున్నా. ఆమె మొగుడు మాసా నా కాళ్ల మీద పడ్డడు. మీ దేవునికి మొక్కు సిస్టర్, మీరు మొక్కితే వింటడంట అన్నడు."

భవాని తన రెండు చేతుల వంక చూసుకుంది.

"అప్పుడు చెయ్యి తీసినా. రెండు చేతులు జోడించి కళ్లు మూసుకున్నా. నువ్వు నేర్పినట్టే. ఎంతసేపో తెల్వదు. కళ్లు తెరిచేసరికి లక్మే లేదు."

బయట సడక్ మీద సుక్మా బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. సూర్యకాంతం తడబడుతూ అంది. "అట్ల అనుకోకు బిడ్డా. ఆమె ఘడియ వచ్చింది…"

"ఆ మాట నాకు చెప్పకు! చేతులు జోడించకపోతే దేవుడు వినడని నువ్వే చెప్పినవ్. ఏడేళ్లప్పుడు ప్రార్థనలో ఒక్క కన్ను తెరిచిన్నని కొలత స్కేలు ఇరిగేదాక కొట్టినవ్. ఆలోచించకుండానే చేతులు లేచినయమ్మా. అలవాటయిపోయింది నాకు!"

సూర్యకాంతం కుట్టుమిషను అంచు పట్టుకుని నిలబడింది. ఆ స్కేలు దెబ్బలు ఆమెకూ గుర్తున్నాయి. పిల్ల ఏడ్చిందనీ గుర్తుంది. భయభక్తులు నేర్పుతున్నాననే అనుకుంది. చివరికి ఎవరికీ చెప్పని మాట బయటపెట్టింది.

"అప్పుడే మీ నాయిన పోయిండు. ఏడాది దాక నేను పెదాలే కదిపినా. లోపల ఒక్క మాట లేదు. నువ్వు చూస్తున్నవని కూసున్నా."

"మరి నన్నెందుకు కొట్టినవ్?"

"నా లెక్క నువ్వు కూడా లోపల ఉత్తగ అయిపోతవని భయమేసింది."

భవాని గోడకు ఆనుకుని కూలబడింది. సూర్యకాంతం కూడా పక్కనే కూర్చుంది. మెల్లగా అడిగింది. "ఆ పిల్ల బతికే ఉన్నదా?"

"ఉన్నది. ఇయ్యాల్టికి నెలన్నర. మొదటి టీకా ఎయ్యాల. నాకు ఆ వాకిట్ల అడుగు పెట్టే ధైర్యం లేదు."

"లే. నేనొస్త."

ఆరోగ్య కేంద్రంలో టీకాల డబ్బా తీసుకుని ఇద్దరూ బయలుదేరారు. బాట తెగేదాకా ఆటోలో వెళ్లి, అక్కణ్ణుంచి నడిచారు. వానలు వెనకబట్టడంతో వాగు మోకాలి లోతుకు దిగింది. నీళ్లలో దిగి నడుస్తూ భవాని మధ్యలో ఆగిపోయింది. తల్లి ఆమె భుజం పట్టుకుంది.

మాసా వాకిట్లో ఉన్నాడు. భవానిని చూసి లేచి మంచం వాల్చాడు. కోప్పడలేదు, పలకరించనూ లేదు. అతని తల్లి పిల్లను తెచ్చింది. పక్కింటి కోడలు తన బిడ్డతో పాటు ఈ పిల్లకూ పాలిస్తోందట. భవాని జ్వరం చూసి, బరువు తూచి, తొడకు సూది వేసింది. పిల్ల కెవ్వుమంది. కార్డు మీద తారీఖు రాసి పెన్ను మూత పెట్టాక, భవాని ఇక ఆగలేకపోయింది.

"మాసా, నేను చెయ్యి తీసినప్పుడు లక్మే పానంతో ఉన్నదా?"

మాసా నేల చూపులు చూస్తూ తన దోర్లీ భాష యాస కలిసిన తెలుగులో మెల్లగా చెప్పాడు. "నాకు తెల్వదు సిస్టర్. నువ్వు కళ్లు మూస్తే నేనూ మూసిన. అట్లనే మొక్కాలేమో అనుకున్న. ఆఖరికి దాని మొఖం సూడలే."

భవాని మంచం మీంచి నేల మీదికి జారిపోయింది. నెలన్నరగా ఆపుకున్న ఏడుపు ఒక్కసారి బయటపడింది. మాసా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

సంఘంలో ఎవరింట చావు జరిగినా, అరగంటసేపు తడుముకోకుండా ప్రార్థన చేసే మనిషి సూర్యకాంతం. ఇప్పుడు నోరు తెరిచింది, మాట రాలేదు. ఇరవై ఏళ్లు పిల్లకు ఎలా కూర్చోవాలో, చేతులెక్కడ పెట్టాలో నేర్పింది. లోపల ఏముందే అని ఒక్కనాడూ అడగలేదు. ఆ సంగతి ఈ పరాయి వాకిట్లో తెలిసివచ్చి ఆమె కళ్ల నుంచి నీళ్లు ధారకట్టాయి. కూతురి వీపు మీద చెయ్యి వేసి, ఏడుపు ఆగేదాకా తియ్యలేదు.

తిరుగుదారిలో వాగు దాటాక భవాని అంది.

"అమ్మా, రేపటి నుంచి నన్ను లేపకు."

"లేపను."

"నువ్వు ప్రార్థన చెయ్యి. నా పేరు, లక్మే పేరు చెప్పు. నాకైతే రాదు. మళ్ల వస్తదో రాదో కూడ తెల్వదు."

"నాకూ రావట్లేదు బిడ్డా. వచ్చిన రోజు చెప్త."

భవాని డబ్బా ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "వచ్చే నెల పిల్లకు ఇంకో టీకా ఉన్నది," అంది.

"ఇద్దరం పోదాం," అంది సూర్యకాంతం. కూతురు వద్దంటున్నా వినకుండా ఆ డబ్బా అందుకుంది.