త్రీ డైమండ్స్

గీదం కూడలిలో వాన దంచుతోంది. జోగ టీకొట్టు రేకు కింద నిలబడి యేసుపాదం రెండో గ్లాసు ఊదుకుంటున్నాడు. పైకి అతను రైల్వేలో సిగ్నల్ మెకానిక్. లోపల, ఢిల్లీలో బోర్డు కూడా లేని ఒక విభాగానికి ఏజెంటు. ఇంట్లో భార్య కరుణశ్రీకి, కూతురు అమ్ముకి మొదటి ఉద్యోగం ఒక్కటే తెలుసు.

జగదల్‌పూర్ బస్సు దిగి రోడ్డు దాటుతున్న తోటి ఏజెంటు నాగరాజుని చూసి యేసుపాదం గ్లాసు పైకెత్తాడు. గ్లాసు ఎత్తితే దారి క్లియర్ అని ఆ ఇద్దరి మధ్య గుర్తు.

దారి క్లియర్‌గా లేదు. రెయిన్‌కోటు తొడుక్కున్న మనిషొకడు పక్కనుంచి వచ్చాడు. పాత స్నేహితుడిలా యేసుపాదం భుజం చుట్టూ చెయ్యి వేసి, పక్కటెముకల కిందనుంచి కత్తి పైకి తోశాడు. యేసుపాదం అరవలేదు. పొయ్యి మీద కుతకుతలాడుతున్న టీ గిన్నె లాక్కుని వాడి కుడిచేతి మీద కుమ్మరించాడు. అరిచింది వాడు. అరుస్తూనే మోటార్‌సైకిలెక్కి వానలో కలిసిపోయాడు.

నాగరాజు వచ్చి పడేసరికి బల్ల కింద టీ, నెత్తురు కలిసి పారుతున్నాయి.

"ఏంది సార్ ఇది... అస్పతాల్‌కి తీస్కపోదమా?" జోగ తుండుగుడ్డతో గాయం అదిమాడు.

యేసుపాదం తల అడ్డంగా ఊపాడు. నాగరాజు కాలరు పట్టి దగ్గరికి లాక్కున్నాడు. "ఆదివారం... టౌన్‌షిప్ క్లబ్బులో. పేకాట బల్ల మీదే ఆర్డరిస్తార్రా."

"ఎవరికి?"

"తెలీదు. ఒరేయ్ నాగా, కరుణనీ అమ్మునీ ఊరు చేర్చు."

"చేరుస్తాను."

ఆ మాట వినే పోయాడో, వినకుండానే పోయాడో నాగరాజుకి తెలియలేదు.

*

విభాగంలో అందరూ మేడమ్ అని పిలిచే పార్వతి జగదల్‌పూర్ గెస్ట్‌హౌస్‌లో కిటికీలు మూసి కూర్చుంది. ఆమెకి సంతాపాలు చెప్పే అలవాటు లేదు.

"ముఠా పేరు గ్రే హెరాన్. విదేశీ డబ్బు, విదేశీ పేలుడు మందు. ఇక్కణ్ణించి వైజాగ్‌కి ఇనుపరాయి మోసే లైను మూతపడాలి. మందు పట్టాల పక్కన ఎక్కడో పాతేశారు. వానకి కుక్కలు వాసన పట్టలేకపోతున్నాయి."

"ఫోన్లు?"

"ఈ అడవిలో ఎవడు ఫోనెత్తినా మనం వింటాం. అది వాళ్ళకీ తెలుసు. అందుకే నలుగురి మధ్య, నోటితో, బ్రిడ్జి పేకాట పోటీలో చెప్తారు. చెప్పేది ఉదయశ్రీ."

నాగరాజు కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఆవిడ మన మనిషి కదా?"

"వాళ్ళ మనిషి కూడా. రెండు జీతాలు."

"నిజానికి ఎటువైపు?"

"ఆదివారం తెలుస్తుంది. ఏ మాట చెప్పాలో ఆట ముందు వరకూ ఆమెకి చెప్పరు. వినేవాడెవడో అసలే చెప్పరు. ఒకడు దొరికినా రెండోవాడు దొరక్కూడదని వాళ్ళ ఏర్పాటు. వినేవాడి దగ్గరే బటన్ ఉంటుంది. మాట తప్పితే ఆమెని కాల్చడానికి ఇంకొకడు హాల్లోనే కాపలా ఉంటాడు. యేసుపాదాన్ని పొడిచింది వాడే."

"రైళ్ళు ఆపేయండి మేడమ్."

"ఇనుపరాయి బళ్ళన్నీ వ్యాగన్ రిపేరు పేరుతో ఆపించాను. పాసింజర్ బండితో వాళ్ళకేం పని? అది తిరగనీ. అదీ ఆపితే అనుమానం వచ్చి పారిపోతారు." ఆమె బల్ల మీదికి ఒక సిగరెట్ లైటర్ తోసింది. "జామర్. నొక్కితే దగ్గర్లో ఏ రిమోటూ పనిచెయ్యదు."

"దగ్గర్లో అంటే?"

"చేతి పొడవు."

"ఇదెవడు తయారుచేశాడు?"

"అందరికంటే తక్కువ టెండరు వేసినవాడు."

*

ఆదివారం మధ్యాహ్నం కిరండూల్ స్టేషన్లో యేసుపాదం పెట్టెని లగేజి బోగీలో ఎక్కించారు. వైజాగ్ బండి కదలడానికి ఇంకా టైముంది. కరుణశ్రీ కిటికీ పక్కన బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, తెరవలేదు. అమ్ము ఊచల్లోంచి చెయ్యి చాపి నాగరాజు చొక్కా పట్టుకుంది.

"మావయ్యా, నాన్న ఆ పెట్టెలో ఒక్కడే ఉంటాడా?"

"పక్క బోగీలో నువ్వున్నావు కదమ్మా."

"మరి నువ్వు?"

"నేను ఒక ఆట ఆడి వస్తాను."

అతను స్టేషన్ బయటికొచ్చి జీపులోనే నెరిసిన విగ్గు, దళసరి కళ్ళద్దాలు తగిలించుకున్నాడు. జీపు దిగేసరికి రాయపూర్ నుంచి వచ్చిన ఆడిటరయ్యాడు.

క్లబ్బు కొండ అంచున ఉంది. వరండాలో నిలబడితే కింద లోయ, లోయలో పట్టాలు, గుట్టని చీల్చి పట్టాలు వేసిన సన్నటి కటింగ్ కనిపిస్తాయి. హాల్లో బల్లలు నిండిపోయాయి. గుమ్మం దగ్గర క్లబ్బు సెక్రటరీ గవర్రాజు బుట్ట పట్టుకుని నిలబడ్డాడు. రిటైరైన గని ఇంజినీరు, ఆరడుగుల మనిషి, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా.

"ఫోన్లు ఇందులో. ఎంతటివారైనా సరే."

"ఆయన దగ్గర పప్పులుడకవు బాబూ," అంది వెనకనుంచి వరహాలమ్మ. బొబ్బిలి మనిషి, రైల్వే స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. చంకలో స్టీలు ఫ్లాస్కు, ముక్కు మీద కళ్ళజోడు. "ఆటలో కనుబొమ్మ ఎగరేసేడని సొంత బావమరిదినే క్లబ్బులోంచి గెంటేసేరు. ఆడతావా నువ్వు?"

"కాలేజీలో ఆడానండి. మర్చిపోయాను."

"ఏటున్నాది మర్చిపోడానికి? పార్ట్‌నరు చేతిలో ముక్కలు మనకి కనపడవు. అంచేత వేలంపాటలా పాట పాడి చెప్పుకుంటాం. 'త్రీ డైమండ్స్' అని మొదలెట్టేవనుకో, నా చేతినిండా డైమండ్లే, మిగతాది చెత్త అని. ఆ పాటకి లోపాయికారీగా వేరే అర్థం పెట్టుకున్నారనుకో, దాచకూడదు. పాడినోడి పార్ట్‌నరు చటుక్కున 'అలర్ట్' అనాలి. అవతలోళ్ళు అడిగితే అర్థం విప్పి చెప్పాలి. చెప్పకపోతే అది దొంగాట."

"ఇవాళ అలాంటివేమైనా ఉన్నాయా?"

"ఒక్కటీ లేదు. రౌండుకో పార్ట్‌నరు మారుతాడు కదా, అందరికీ ఒకటే సిస్టమ్. గవర్రాజు గారే రాసేరు. ఉన్నది ఉన్నట్టు పాడ్డమే. అలర్ట్ అన్న మాటే ఇవాళ వినపడదు."

పోటీ నడిపే డైరెక్టరు ధీరజ్ రాయపూర్ నుంచి వచ్చాడు. నూనూగు గడ్డం, తియ్యటి హిందీ. ఉక్కపోతలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని కుడి మణికట్టు దాకా బొత్తాం పెట్టాడు. స్కోర్లన్నీ ఎడంచేత్తో గీస్తున్నాడు. బేరరు కాఫీ ట్రే పక్కనుంచి వెళితే కుడిచెయ్యి చటుక్కున కడుపులోకి లాక్కున్నాడు.

నాగరాజు పిడికిలి బిగుసుకుంది. ఇప్పుడే వాడి గొంతు పట్టుకోవచ్చు. పట్టుకుంటే బటన్ ఉన్నవాడు జారిపోతాడు. పిడికిలి మెల్లగా విప్పుకున్నాడు.

అప్పుడే ఉదయశ్రీ వచ్చింది. నెమలిరంగు పట్టుచీర, ముడిలో జానెడు వెండి పిన్ను. హాల్లో మగవాళ్ళ చేతుల్లో ముక్కలు ఒక్కసారి వాలాయి. నాగరాజు పక్కనుంచి పోతూ జారిన కొంగు సర్దుకుంటూ పెదవి కదపకుండా అంది: "ప్రతి రౌండులో త్రీ డైమండ్స్. దానర్థం నాకు చెప్పలేదు."

మొదటి రెండు రౌండ్లు నాగరాజుకి ఆట లేదు. ఆమె కుర్చీ వెనక నిలబడి చూశాడు. మొదటి రౌండులో ఆమె పార్ట్‌నరు ఆసుపత్రి డాక్టరు. "త్రీ డైమండ్స్," అంది ఉదయశ్రీ. చేతిలో ఉన్నవి రెండే రెండు డైమండ్లు. డాక్టరు అమాయకంగా పాస్ అన్నాడు, దారుణంగా ఓడారు. రెండో రౌండులో ఒక స్కూలు టీచరు. మళ్ళీ అదే పాట, అదే చావుదెబ్బ.

"ఛాంపియన్ అన్నారే!" టీచరు గొణిగింది.

ఎవరూ లేచి వెళ్ళలేదు, ఎవరి ముఖమూ మారలేదు. ఉదయశ్రీ వెనక ధీరజ్ ఎడంచెయ్యి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

మూడో రౌండులో ఉదయశ్రీకి ఎదురుగా పార్ట్‌నరుగా గవర్రాజు కూర్చున్నాడు. వాళ్ళకి పోటీగా నాగరాజు, వరహాలమ్మ. ముక్కలు పంచారు. కింద స్టేషన్లో ఇంజను కూత వేసింది.

ఉదయశ్రీ చేతిలో ముక్కలు విసనకర్రలా విప్పి చూసుకుంది.

"త్రీ డైమండ్స్."

"అలర్ట్," అన్నాడు గవర్రాజు.

అన్నాక అతనికి తెలిసింది. యవ్వనం నుంచీ ఈ బల్లల దగ్గర కూర్చుని కూర్చుని నాలుకకి పడిన అలవాటది, మెదడుని అడక్కుండానే పలికింది. అతని ముఖంలో రంగు మెల్లగా దిగిపోయింది.

"అలర్టా?" వరహాలమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "మీరు రాసిన సిస్టమేనా ఇది? త్రీ డైమండ్స్‌కి వేరే అర్థం ఎప్పుడొచ్చిందండీ? ఏటి దానర్థం? చెప్పాలి మరి, రూలు మీదే."

గవర్రాజు చేతిలో ముక్కలు బోర్లా పెట్టాడు. కళ్ళు వరండా వైపు, లోయ వైపు తిరిగాయి. లోయలో వైజాగ్ బండి నీలం బోగీలు కటింగ్ వైపు పాకుతున్నాయి.

నాగరాజు కూడా అటు చూశాడు. ఇనుపరాయి బండి కాదు. పాసింజర్. పెట్టె, పెట్టె పక్క బోగీలో అమ్ము.

బల్ల ఎగిరిపడింది. గవర్రాజు వయసుకి మించిన జోరుతో వరండాలోకి ఉరికాడు. జేబులోంచి కారు తాళం లాగాడు. నాగరాజు వెనకనుంచి దూకి నడుం చుట్టూ చేతులు బిగించి, పిడికిట్లో లైటర్ నొక్కాడు.

గవర్రాజు తాళం మీది బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. కటింగ్ ముఖంలోకి ఇంజను దూరింది.

"వదలరా!" తల వెనక్కి విసిరికొట్టాడు. నాగరాజు ముక్కుదూలం పటుక్కుమంది. విగ్గు ఊడి, నోట్లోకి నెత్తురు దిగింది. అయినా పట్టు వదల్లేదు. ఇద్దరూ వరండా రెయిలింగ్ విరుచుకుని మెట్ల మీద పడి దొర్లారు. గవర్రాజు మోచేత్తో పక్కటెముకల్లో కుమ్మాడు, చెవి పట్టి కొరికాడు. చెవి తమ్మె తెగిపోయింది.

పైన తుపాకి పేలింది. నాగరాజు తొడలో సీసం దిగింది. వరండాలో ధీరజ్, ఎడంచేతిలో పిస్టల్. రెండో గుండు నాగరాజు ముంజేతిని చీల్చుకుపోయింది. వేళ్ళు విడిపోయి లైటర్ జారి, మెట్టు మెట్టుకీ ఎగురుతూ కిందికి పోయి ఆగింది. చేతి పొడవు దాటింది.

ధీరజ్ మూడోసారి గురిపెడుతుండగా ఉదయశ్రీ వెనకనుంచి వెండి పిన్ను వాడి మెడ కింద దించింది. వాడు తిరిగి కాల్చాడు. ఆమె భుజం పగిలి గోడకి కొట్టుకుని జారింది. వాడు మెడ పట్టుకుని తూలుతున్న క్షణంలో వరహాలమ్మ వచ్చింది.

"ఆడకూతురి మీదా?" ఫ్లాస్కు మూత తీసి కాఫీ అంతా వాడి కుడిచేతి మీద గుమ్మరించింది. పొక్కులు మానని చెయ్యి. వాడు గీదంలో పెట్టిన కేకే పెట్టాడు. ఖాళీ ఫ్లాస్కుతో ఆవిడ దవడ మీద కొట్టిన దెబ్బకి ఆ కేకా ఆగిపోయింది.

మెట్ల మీద గవర్రాజు బొటనవేలు బటన్ మీదికి వెళుతోంది. నాగరాజు తల వంచి ఆ వేలు పళ్ళ మధ్య పట్టాడు. ఎముక తగిలేదాకా కొరికాడు. గవర్రాజు ఊళపెడుతూ తాళం ఎడంచేతిలోకి మార్చుకున్నాడు. లైటర్ని దగ్గరికి తెచ్చుకునే వ్యవధి లేదు. నాగరాజు బాగున్న కాలు గోడకి తన్నిపెట్టి, గవర్రాజునే లైటర్ దగ్గరికి ఈడ్చాడు. మెట్లన్నిటి మీదా అతని తల ఠప్ ఠప్‌మని మోగింది. చివరి మెట్టు మీద గవర్రాజుని కిందేసి అతని మీద పడిన నాగరాజు, చేతికి తగిలిన లైటర్ని నొక్కిపట్టాడు.

గవర్రాజు ఎడమ బొటనవేలు బటన్ నొక్కింది.

వాన చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

కటింగ్ అవతల ఇంజను బయటికొచ్చింది. దాని వెనక బోగీ తర్వాత బోగీ. చివరిది లగేజి బోగీ. అది కూడా చెట్ల వెనక మలుపు తిరిగాక నాగరాజు గవర్రాజు ముఖం మీద ఒక్కటి గుద్దాడు. ఆ గుద్దుతో దేశానికేం పనిలేదు. అది యేసుపాదం లెక్క.

*

పార్వతి మనుషులు వచ్చేసరికి ధీరజ్ కాళ్ళు చేతులూ క్లబ్బు కర్టెన్లతో కట్టేసి ఉన్నాయి. కటింగ్ గోడలో ఒక రాయి వెనక మందు దొరికింది. ఉదయశ్రీని స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే నాగరాజు కుంటుకుంటూ పక్కన నడిచాడు.

"ఇంతకీ నువ్వు ఎటువైపు?"

"రెండో జీతం ఇవాళ్టితో ఆగిపోయింది," అందామె కళ్ళు మూసుకుని. "మీ మేడమ్‌తో చెప్పి మొదటిది పెంచమను."

గవర్రాజు బేడీలతో మెట్ల మీద కూర్చున్నాడు. దవడ వాచి, మాట తడబడుతోంది. "ఈ బల్ల దగ్గర నేనెప్పుడూ దొంగాట ఆడలేదు," అన్నాడు ఎవరితోనో.

హాల్లో వరహాలమ్మ విరిగిన బల్ల పక్కన వంగి, నేల మీద పడిన ఉదయశ్రీ ముక్కలు ఒక్కొక్కటే ఏరి చేతిలో సర్దుకుంది. చూసి, మళ్ళీ చూసి, వాటిని గవర్రాజు ముఖం ముందుకి తెచ్చి పట్టుకుంది. ఆసు నుంచి కిందిదాకా వరసగా ఎర్రెర్రటి డైమండ్లు. పక్కన ఉన్నదంతా చెత్త.

"ఈ చేతికి ఎవరైనా త్రీ డైమండ్సే పాడతారు," అంది ఆవిడ. "దీనికి అలర్ట్ ఎందుకండీ?"