ఎడమపక్క చెంబు

మధ్యాహ్నం భోజనాలయ్యాక ధర్మవరంలో మగ్గాల చప్పుడు కాసేపు సద్దుమణుగుతుంది. అందరూ ఓ కునుకు తీస్తారు. జగదీష్ మాత్రం నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు జారవిడిచి, చెక్కలు తొక్కుతూ నేస్తూనే ఉన్నాడు. అన్న వెంకటరాముడు పోయి ఏడాది కాలేదు. ఇప్పుడు మగ్గం తనదే, తప్పు పట్టేవాడు లేడు. మగ్గం పనోడికి పిల్లనెవరూ ఇవ్వడం లేదన్న చింత ఒక్కటి పక్కన పెడితే, దొరబాబులా ఉన్నాడు.

ఆ వేళ గుంతలోంచి తడి మట్టి వాసన వచ్చింది.

ఎండాకాలం. చుక్క నీరు పోసింది లేదు. అయినా ఎడమ పాదానికి చల్లగా తగిలింది. కాలు పైకి లాగి తడిమి చూసుకున్నాడు. పొడిగానే ఉంది. మళ్ళీ కిందికి పెట్టాడు. మళ్ళీ చల్లగా...

అన్న భార్య చౌడేశ్వరి టీ పట్టుకొచ్చి మగ్గం దగ్గర ఆగిపోయింది.

"ఇదేందప్పా, ఇట్ల నేసినావు?"

"ఎట్ల నేసినా?"

"బుటాలన్నీ కుడిపక్కే ఉండాయి. ఎడమపక్క ఒక్కటన్నా లేదే!"

జగదీష్ చీర వైపు చూశాడు. నిండుగా కనిపించింది. వదినకు వేళాకోళం ఎప్పటినుంచి వచ్చిందా అనుకున్నాడు. ఆమె అతని చేయి పట్టుకుని పట్టు మీద మెల్లగా ఎడమకు జరిపింది. అప్పుడు కనిపించింది. జానెడు, మూరెడు, ఉత్త బట్ట. అది అక్కడ ఉన్నట్టే ఇంతసేపూ అతనికి తెలియలేదు. ఈ జబ్బు సంగతి అతనికి బాగా తెలుసు.

వెంకటరాముడి పని మీద వేలు పెట్టడానికి ఎవరికీ సందుండేది కాదు. చూపుడువేలికి రాగి ఉంగరం పెట్టుకుని, ఆ వేలితోనే అంచు తడిమి లోపం చెప్పేవాడు. పోయినేడు ఒక రోజు తమ్ముడు నేస్తున్న చీర తడిమి, "ఎడమ అంచు చెడగొట్టినావు" అంటూ షావుకారు ముందరే మగ్గం మీద చీర కోసేశాడు. షావుకారు నవ్వి వెళ్ళిపోయాడు. జగదీష్‌కు ఒళ్ళు మండిపోయింది. చేతికందిన మగ్గం కొయ్య తీసి అన్న తలకు కుడివైపు కొట్టాడు. తర్వాత, గుంతలో కాలు జారి పడ్డాడని అందరితో చెప్పాడు.

అన్న చావలేదు. కానీ ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. అంతేనా, ఎడమ అనేదే అతని లోకంలోంచి పోయింది. కంచంలో కుడి సగమే తినేవాడు. ఎడమపక్క నిలబడి పిలిస్తే కుడిపక్క వెతికేవాడు.

హిందూపురంలో నరాల డాక్టరు బాగా విడమరిచి చెప్పాడు. మెదడులో కుడి సగం ఒంటికి ఎడమ భాగాన్ని చూసుకుంటుంది, ఎడమ సగం కుడి భాగాన్ని చూసుకుంటుంది. ఒంటిని ఆడించే నరాలు తల దిగి వెన్నులోకి వచ్చేచోట జడ పాయల్లా అటువి ఇటు, ఇటువి అటు మారతాయి. కళ్ళు బాగానే ఉన్నాయి, కానీ ఎడమవైపు ఒకటుందని పట్టించుకోవలసిన కుడి మెదడే చితికింది. "అన్నం, నీళ్ళు కుడిపక్కనే పెట్టండి. ఎడమపక్క పెడితే చేతికందే దూరంలో ఉన్నా తెలియక చచ్చిపోతాడు" అన్నాడు. ఆ గదిలో అప్పుడు జగదీష్ ఒక్కడే ఉన్నాడు. చౌడేశ్వరి మందుల కోసం బయటికి వెళ్ళింది. ఆమెకు అతను ఆ మాట చెప్పలేదు.

ఆ వేసవిలో పుట్టింట్లో తల్లికి జబ్బు చేసిందని చౌడేశ్వరి రొద్దం వెళ్ళింది. అదే రోజు సాయంత్రం వెంకటరాముడు మంచం మీంచి తమ్ముణ్ణి తేరిపార చూసి, నాలుక మడతపడుతుంటే అన్నాడు. "ఆ కొయ్య... నీ చేతిలో ఉన్నింది గదరా."

ఆ రాత్రి నుంచి నీళ్ళ చెంబు మంచానికి ఎడమపక్క చేరింది.

"నీళ్ళు..." అని అన్న అడిగితే, "పక్కనే ఉండాయి, తాగన్నా" అనేవాడు. ఎంత మెత్తగా అనేవాడో, పాపిష్టివాడు! పక్కింటి నాగక్క తొంగిచూసేసరికి చెంబు ఖాళీగా కనిపించాలి కదా, అందుకని ఆ నీళ్ళు మగ్గం గుంతలో ఒంపేవాడు. ఒంపుతున్న చప్పుడు అన్నకు వినిపించేది. చౌడేశ్వరి తిరిగొచ్చేసరికి పాడె సిద్ధంగా ఉంది. "ఎండ దెబ్బమ్మా. నీళ్ళు మాత్రం బాగానే తాగినాడు" అని నాగక్క కూడా సాక్ష్యం చెప్పింది.

ఆ గుంతలోంచే ఇప్పుడు తడి వాసన.

హిందూపురం తీసుకుపోతానని వదినే బయలుదేరదీసింది. బస్సులో ముగ్గురు పట్టే సీటు. కుడి చివర ఆమె, నడుమ జగదీష్. కండక్టరు వచ్చి ఆమెకు ఉచిత టికెట్టు చించి ఇచ్చాడు.

"ఆయమ్మకు ఫ్రీ. మీ ఇద్దరికీ తియ్యండప్పా."

"ఇద్దరేందన్నా? నేనొక్కణ్ణే గదా."

కండక్టరు అతని భుజం మీదుగా ఎడమకు చూశాడు. ఒక్క టికెట్టు చేతిలో పెట్టి, గబగబా ముందుకు వెళ్ళిపోయాడు. పెనుకొండ కొండ వచ్చిందని వెనక ఎవరో పిల్లలకు చూపిస్తున్నారు. జగదీష్‌కు కొండ కనిపించలేదు. ఎడమ చెవి కింద ఎవరో గుటక మింగినట్టు వినిపించింది. ఎండిన గొంతుతో మింగే గుటక... వదిన కొంగు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

డాక్టరు స్కాన్ ఫిల్ములు వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"మెదడులో ఏమీ లేదమ్మా. దెబ్బ లేదు, గడ్డ లేదు. కానీ లక్షణాలన్నీ మీ ఆయనవే. బెంగళూరులో ఒకసారి చూపించండి. అంతవరకూ అన్నీ కుడిపక్కనే పెట్టండి. అప్పుడు ఈయనకు చెప్పాను కదా."

చౌడేశ్వరి తలెత్తింది.

"ఏం చెప్పినారు సార్?"

డాక్టరు మళ్ళీ చెప్పాడు, మొదటి నుంచి చివరి దాకా. ఆమె తల వంచుకుని విన్నది. జగదీష్ ఆమె ముఖం చూడలేకపోయాడు. చేతులు మాత్రం చూశాడు. కొంగు అంచును వేలికి చుట్టి, విప్పి, చుట్టి...

"సరే సార్" అంది చివరికి. "అర్థమయింది."

ఇల్లు చేరేసరికి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పూర్తిగా పడిపోయాయి. అన్న పడుకున్న మంచం మీదే, మగ్గం పక్కనే పడుకోబెట్టారు. చౌడేశ్వరి చెంబు నిండా నీళ్ళు తెచ్చి మంచం అవతలికి నడిచింది. అటు అడుగు వెయ్యగానే అతని లోకంలోంచి మాయమైంది. చెంబు నేలకు తగిలిన చప్పుడు వచ్చింది. మళ్ళీ ఇవతలికి వచ్చి కుడిపక్క కూర్చుంది.

"వదినా... నీళ్ళు."

"పక్కనే ఉండాయి, తాగప్పా."

ఎంత మెత్తగా అందో.

ఎడమకు తిరగాలని అతనికి తెలుసు. చెంబు అక్కడుందనీ తెలుసు. కానీ ఎడమ ఎక్కడ? తల కదలదు. చూపు అటు పోదు. ఇంట్లో సగానికి గోడ కట్టేసినట్టుంది. దాహం రోజురోజుకూ పెరిగింది. పెదవులు పగిలాయి. నాలుక అంగిలికి అంటుకుపోయింది.

ఓ సాయంత్రం దీపాల వేళకు ఉన్న బలమంతా కూడగట్టుకుని, కుడి చెయ్యి రొమ్ము మీదుగా అవతలికి పాకించాడు. వెతికాడు. చల్లని చెయ్యి ఒకటి తగిలింది. తనదే, పడిపోయిన చెయ్యి, అనుకున్నాడు. తడిమాడు.

చూపుడువేలికి ఉంగరం ఉంది.

జగదీష్ ఎన్నడూ ఉంగరం పెట్టుకోలేదు.

ఆ వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి... అతని చేతిని పట్టుకున్నాయి... తడిగా... గట్టిగా... తర్వాత నెమ్మదిగా ఎత్తి, కుడివైపుకే తెచ్చి వదిలేశాయి.

గడపలోంచి నాగక్క గొంతు వినిపించింది. "ఎట్లుండాడమ్మా? నీళ్ళన్నా తాగుతాండాడా?"

చౌడేశ్వరి లేచి వెళ్ళి చెంబు తీసి, బోర్లించి చూపించింది. చుక్క రాలలేదు.

"బాగానే తాగుతాండాడక్కా. పొద్దున నుంచి ఇది మూడోది."

తాగలేదు, ఒక్క గుక్క తాగలేదు అని అరవబోయాడు. గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది. నాగక్క అయ్యోపాపం అనుకుంటూ వెళ్ళిపోయింది.

చౌడేశ్వరి చెంబు నింపి, మళ్ళీ అటే పెట్టి, వచ్చి కుడిపక్క కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. అతను ఆ చేతులనే చూస్తూ ఉన్నాడు. అవి కదల్లేదు.

ఎడమపక్క చెంబు లేచిన చప్పుడైంది.

గుటక... గుటక... గుటక...

ఖాళీ చెంబు నేల మీద ఆనింది. చౌడేశ్వరి కొంగు భుజం నిండా కప్పుకుని, అతని మీదుగా అవతలికి చూస్తూ, మొగుడికి వడ్డించేటప్పటి గొంతుతో అడిగింది.

"ఇంకొంచెం పొయ్యనా?"