ఆరో స్టాప్

కృప జర్మనీకి సీట్లో కూర్చుని వెళ్లింది. తిరిగి పెట్టెలో వచ్చింది.

అక్కడో పాత ఊరు. చుట్టూ రాతి కోటగోడ. గైడు ఉండడు. ఫోన్లో యాప్ పెట్టుకుని, అది చెప్పిన స్టాపుల వెంట ఎవరికి వాళ్లు నడుచుకుంటూ పోవడమే. కృప, ఆమె మొగుడు జాన్ పాల్ అలాగే బయల్దేరారు. ఆరో స్టాప్ చర్చి. దాని పక్కనే గోడ మీదికి మెట్లు. ఉదయం పదకొండున్నరకి కృప ఆ గోడ మీంచి పడి చనిపోయింది.

అక్కడి పోలీసులు యాక్సిడెంట్ అని రాసి ఫైలు మూసేశారు. ఇక్కడ వాళ్లుండే భవానీపురం మాత్రం నోరు మూయలేదు. మొగుడితో పడక దూకేసిందట అని గుసగుసలు. జాన్ పాల్ కాదనలేదు సరికదా, కృపకి మనసు బాగుండేది కాదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకొచ్చాడు. మహానుభావుడు!

కృప తల్లి తెరేసమ్మ గవర్నర్‌పేటలో రాజ్యలక్ష్మి ఆఫీసు మెట్లెక్కింది. రాజ్యలక్ష్మి సీఐగా రిటైరై ప్రైవేటు డిటెక్టివ్‌గా పనిచేస్తోంది. తెరేసమ్మ అడిగింది ఒక్కటే. తన కూతురు దూకిందా, లేదా? ఆ ఉదయం కృప ఫోన్ చేసి ఏడిస్తే, సర్దుకుపోవే అని కసిరి పెట్టేసిందట. ఆ మాటకే ప్రాణం తీసుకుందేమోనని అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు.

రాజ్యలక్ష్మి అదే యాప్ తన ఫోన్లో వేసుకుంది. ఫ్యాను కింద కూర్చుని ఆ ఊరంతా తిరిగింది. ప్రతి స్టాపూ ఫొటోలతో సహా చూసింది.

ఆదివారం తెరేసమ్మ ఇంట్లో జాన్ పాల్‌నీ, అతని అన్న డేనియల్‌నీ కూర్చోబెట్టింది. గుమ్మం దగ్గర ఎస్ఐ కిరీటి నిలబడ్డాడు.

"కృప పడినప్పుడు మీరెక్కడున్నారు?"

"చర్చిలోనండీ. కాళ్లు నొప్పులని తను బయటే ఉండిపోయింది."

"ఎంతసేపు?"

"పావుగంట. ప్రార్థన చేసుకున్నాను."

"వివరంగా చెప్పండి."

"వివరం ఏముందండీ. గుమ్మం దగ్గర బోలెడు బూట్లున్నాయి. నావీ అక్కడే విప్పి లోపలికెళ్లాను. బయటికొచ్చి తొడుక్కుంటుంటే అరుపులు వినిపించాయి. లేసులు కట్టుకునేలోపే అంతా అయిపోయింది."

డేనియల్ బాధగా తలూపాడు. తెరేసమ్మా ఊపింది. గుడైనా చర్చైనా చెప్పులు బయట వదలడం ఇక్కడ చిన్నప్పట్నుంచీ అలవాటు. అందుకే నెలరోజులుగా పరామర్శకొచ్చిన ప్రతివాళ్లకీ జాన్ పాల్ ఇదే చెబుతున్నా, ఇదేంటని ఒక్కరూ అడగలేదు. జర్మన్ పోలీసులకి ఈ లేసుల ముచ్చట చెప్పుంటే ఆ రోజే దొరికేవాడు.

రాజ్యలక్ష్మి ఫోన్ అతని ముందు పెట్టింది.

"ఆరో స్టాప్ ఫొటో. ఆ చర్చి లోపల ప్రార్థన జరుగుతుండగా తీసింది. వాళ్ల కాళ్లు చూడండి."

బెంచీల కింద రాతినేల మీద వరసగా పాదాలు. అన్నిటికీ బూట్లే.

"అక్కడ బూట్లతోనే లోపలికెళతారు, జాన్ పాల్ గారూ. చర్చికి ఫోన్ చేసి కనుక్కున్నాను కూడా. గుమ్మం దగ్గర ఎవరూ విప్పరు. మీరు లోపల అడుగుపెట్టుంటే మీకే తెలిసేది."

"వేరే చర్చి అయ్యుంటుందండీ."

"ఆ దారిలో ఉన్నది ఒక్కటే. ఆ పావుగంట ఎక్కడున్నారు?"

డేనియల్ తమ్ముడి భుజం మీంచి చెయ్యి తీసేశాడు.

"విడాకులు కావాలంది," అన్నాడు జాన్ పాల్ నేలకేసి చూస్తూ. "నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? గోడ మీద నిలబడి అదే మాట మళ్లీ అంది. ఒక్కసారి తోశాను, అంతే."

అంతేనట! రాజ్యలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. కిరీటి అతని రెక్క పట్టుకుని జీపు దగ్గరికి తీసుకుపోయాడు.

గుండెలు బాదుకుంటుందేమోనని రాజ్యలక్ష్మి తెరేసమ్మ పక్కకి జరిగింది. ఆమె ఏడవలేదు.

"అయితే నా పిల్ల దూకలేదుగా అండీ?"

"లేదమ్మా."

తెరేసమ్మ గబగబా ప్రహరీ దగ్గరికి నడిచింది. పక్కింటి శౌరమ్మని పిలిచి, పెళ్లి కబురు చెప్పినట్టు చెప్పింది.

"మా కృప దూకలేదంట, శౌరమ్మా. వాడే తోశాడంట."