తెరమీద కనిపించని గొంతు

వరప్రసాదరావు మాస్టారు క్యారేజీ పట్టుకుని బడికి బయల్దేరాక ఆ ఇంట్లో ముగ్గురు మిగిలారు. వంటింట్లో ఆయన భార్య లూర్దమ్మ, హాల్లో కొడుకు రూబెన్, స్నానాలగదిలో కూతురు క్రిస్టీ. మామూలు రోజుల్లో అయితే నాలుగోది కూడా ఒకటుండేది. అది క్రిస్టీ ల్యాప్‌టాప్. పొద్దున లేచింది మొదలు మధ్యగదిలో టేబుల్ మీద కూర్చుని గడగడా గడగడా ఏదో గొణుగుతూనే ఉంటుంది. ఆ గొణుగుడంటే లూర్దమ్మకి మొదట్నుంచీ చిరాకు. ప్రార్థన వేళకైనా దాని నోరు మూయించవే తల్లీ అని రోజుకొకసారైనా కసురుకుంటుంది.

క్రిస్టీకి పుట్టుకతోనే చూపు లేదు. తెరమీది అక్షరాలన్నీ ఆ ల్యాప్‌టాప్ చదివి వినిపిస్తే, విని పని చేసుకుంటుంది. అట్లా వినే చరిత్రలో ఎం.ఏ. పూర్తి చేసింది. నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీవాళ్ళు ఆ రోజు పదకొండింటికి ఆన్‌లైన్‌లో ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. పాఠం నచ్చితే ఉద్యోగం. ఉద్యోగం వస్తే, అదే కాలేజీలో పాఠాలు చెప్తున్న స్నేహితురాలు గ్రేసీతో కలిసి నందిగామలోనే గదిలో ఉంటానని క్రిస్టీ వారం కిందటే ఇంట్లో చెప్పేసింది.

లూర్దమ్మ అవుననలేదు, కాదనలేదు. చూద్దాంలే అంది. కానీ ఆవిడ మనసులో ఏముందో తెలుసుకోవాలంటే సాయంత్రం ప్రార్థన వింటే చాలు. రూబెన్ ప్రమోషన్ కోసం, పక్కింటి పుల్లమ్మ మోకాళ్ళ కోసం, ఆఖరికి అద్దెకున్నవాళ్ళ కుక్క కోసం కూడా ప్రభువుని అడిగిందిగానీ, కూతురి ఉద్యోగం ఊసు మాత్రం ఎత్తలేదు.

"అమ్మా, చెల్లి ల్యాప్‌టాప్ ఇప్పుడు చూడు, రయ్యిమని పరిగెత్తుద్ది," అంటూ రూబెన్ వంటింటి గుమ్మంలోకి వచ్చి ఒక దోసె చేతిలోకి లాక్కున్నాడు. వాడికి సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. రోజంతా కంప్యూటర్ల ముందే ఉంటాడు కాబట్టి ఆ వీధిలో ఎవరి కంప్యూటరు మొరాయించినా వాడికే కబురొస్తుంది.

"ఏం చేశావురా దాన్ని?"

"తెల్లారగట్టే లేచి మొత్తం క్లీన్ చేసా. రిజిస్ట్రీ అంతా దులిపేసా."

"అంటే?"

"ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడుందో, ఎట్టా పని చెయ్యాలో కంప్యూటరు తనలో తను రాసిపెట్టుకుంటదమ్మా. అదే రిజిస్ట్రీ. సాఫ్ట్‌వేర్ తీసేసినా దాని ఆనవాళ్ళు అందులో ఉండిపోతయ్. ఊరొదిలి వెళ్ళిపోయినోళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలో ఉండిపోయినట్టు. అయ్యన్నీ ఏరి పారేసా. కాలేజీ రోజుల్నుంచీ వాడకుండా పడున్న పాత సరుకు కూడా తీసేసా."

"మంచి పని చేశావు నాన్నా," అంది లూర్దమ్మ. చెల్లెలి కోసం కొడుకు నిద్ర మానుకుని లేచాడంటే ఆవిడ కడుపు నిండిపోయింది. ఇంకో దోసె వాడి ప్లేటులో వేసింది.

క్రిస్టీ తడిజుట్టు తువ్వాలుతో చుట్టుకుని వచ్చి టేబుల్ ముందు కూర్చుంది. ల్యాప్‌టాప్ తెరిచి ఏవో మీటలు నొక్కింది. ఒక ఇంగ్లీషు మగగొంతు రెండు ముక్కలు పలికి ఊరుకుంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఇంగ్లీషులో ఏదో ఫైలు పేరు చెప్పి ఆగిపోయింది. క్రిస్టీ వేళ్ళు గబగబా కదిలాయి, తర్వాత నెమ్మదించాయి, తర్వాత కదలడమే మానేశాయి.

"అన్నయ్యా, దీన్ని ముట్టుకున్నావా?"

"ఆఁ, క్లీన్ చేసా. ఫాస్టుగా ఉందా?"

"నా తెలుగు గొంతు ఏది?"

రూబెన్ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. "ఏ గొంతు? నీ చదివే సాఫ్ట్‌వేర్ నేను ముట్టుకోలేదే. అది నీదని నాకు తెల్దా?"

"చదివేది అదే. కానీ తెలుగు చదవాలంటే దానికి వేరే గొంతు ఉండాలి. అది పక్కన విడిగా ఉంటది. నువ్వు తీసేసింది దాన్నే. ఇప్పుడిది తెలుగు కనబడ్డ చోటల్లా నోరు మూసుకుంటంది. నా పాఠమంతా తెలుగులోనే ఉంది." క్రిస్టీ వాడి వైపు తిరిగింది. "ఎందుకు తీశావసలు?"

"అది ఎప్పుడూ తెరమీద కనపళ్ళేదే! దానికో బొమ్మ లేదు, ఓ కిటికీ లేదు, పేరు కూడా ఎక్కడా చూళ్ళేదు. వాడట్లేదేమో అనుకున్నా."

"తెరమీద కనపడితే నాకేం పని అన్నయ్యా దానితో?"

వాడు చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. మళ్ళీ వేద్దామంటే ఆ గొంతు ఇచ్చిన కంపెనీ వెబ్‌సైటే ఇప్పుడు లేదు. పోనీ ఫోనులో చదివించుకో అన్నాడు. ఫోను నెట్టు ఇవ్వాలి, పాఠంలో బొమ్మలు ల్యాప్‌టాప్‌లోంచే చూపించాలి, ఏ బొమ్మ కింద ఏం రాసుందో ఇది చెప్పకపోతే నాకు చెప్పేదెవరు అని క్రిస్టీ విసుక్కుంది.

అప్పుడే లూర్దమ్మ నోరు జారింది. "పోనీలేవే. ఫోన్ చేసి కుదర్లేదని చెప్పేద్దాం. ఇది కాకపోతే ఇంకోటి."

మాట చల్లగానే ఉంది. క్రిస్టీ మాత్రం తల ఠక్కున వాళ్ళమ్మ వైపు తిప్పింది.

"నీకు హాయిగా ఉంది కదూ?"

"ఏం మాటలే అవి!"

"నీ గొంతులో తెలుస్తందమ్మా. వారం నుంచీ బిగబట్టుకున్న ఊపిరి ఇప్పుడొదిలావు. నేను నందిగామ పోనక్కర్లేదనేగా?"

లూర్దమ్మకి ఒళ్ళు మండిపోయింది. దొరికిపోయినందుకు మండిందో, నిజమైనందుకు మండిందో ఆవిడకే తెలీదు. "అవునే! ఉంది! హాయిగానే ఉంది! కళ్ళులేని పిల్లని పరాయి ఊళ్ళో వదిలి నేనిక్కడ అన్నం ఎట్టా తింటాననుకున్నావు? గ్యాస్ మంట చూసేదెవరు? రోడ్డు దాటించేదెవరు? ఇరవై ఆరేళ్ళు నా చెయ్యి పట్టుకుని పెరిగావు. ఒక్కదానివి ఏం చెయ్యగలవే నువ్వు?"

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ పైకి అని ఎరగరు. అన్నాక లూర్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

క్రిస్టీ ఏడవలేదు. అరవనూ లేదు. "అన్నయ్య నా వస్తువు నన్నడక్కుండా చెత్తనుకున్నాడు. నువ్వు నా చదువునీ, నా తెలివినీ లేవనే అనుకుంటన్నావు. ఇద్దరూ ప్రేమతోనే చేశారు. నాకు తెలుసు. కానీ మీ కళ్ళకి కనపడందంతా లేనట్టేనా అమ్మా?" అంది. ఆ తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అన్నయ్యా, నువ్వు పక్కకి జరుగు. చెయ్యి పెట్టకు."

"నేను బ్యాకప్ కాపీ కూడా పెట్టలేదు క్రిస్టీ. తీసేటప్పుడు అది అడిగింది, వద్దని నొక్కా," అన్నాడు వాడు తల దించుకుని.

"నువ్వు పెట్టకపోయినా మొన్న అప్‌డేట్ అయినప్పుడు ఇదే సొంతంగా ఒకటి దాచుకుని ఉంటది. ఉంటే ఉన్నట్టు. వెనక్కి మొన్నటికి తీసుకెళ్తా."

ఇంగ్లీషు గొంతు మొదలైంది. మొదలవడం కాదు, తెగబడింది. తాటాకు మీద వడగళ్ళు పడ్డట్టు మాట మీద మాట. లూర్దమ్మకి అందులో ఒక్క అక్షరం విడిగా వినపడలేదు. కొడుకు వైపు చూసింది. "నీకు అర్థమవుతందా?" అని గుసగుసగా అడిగింది. రూబెన్ తల అడ్డంగా తిప్పాడు. తెర నల్లగా ఉంది, అందులో ఏమీ లేదు. బ్యాటరీ దండగని క్రిస్టీ ఎప్పుడూ దాని వెలుగు ఆర్పేసే ఉంచుతుంది. ఆ నల్లటి పలక ముందు కూర్చుని, కూతురు ఒక మాట సగంలో ఉండగానే తర్వాతి మీట నొక్కుతోంది. తప్పు చోటికి వెళితే నాలుక చప్పరించి వెనక్కి వస్తోంది. లోపలెక్కడో గదుల్లో గదులు, తలుపుల వెనక తలుపులు ఉన్నట్టు, వాటన్నిట్లో ఆ పిల్ల తడుముకోకుండా తిరుగుతున్నట్టు లూర్దమ్మకి అనిపించింది.

ఇరవై ఆరేళ్ళు పెంచిన తల్లి, కూతురు పని చేసుకుంటుంటే పక్కన కూర్చుని చూడడం అదే మొదటిసారి.

"దొరికింది. మంగళవారం కాపీ ఉంది," అంది క్రిస్టీ. తర్వాత ఒక మీట మీద వేలు ఆపింది. "ఇది నొక్కితే అయ్యేదాకా ఏ గొంతూ ఉండదు. ఏం జరుగుతందో నాకు తెలీదు. అమ్మా, నా పక్కన కూర్చో. తెర వెలుగు పెడతా, ఏం కనపడితే అది చెప్పు."

"నాకు ఇంగ్లీషు రాదుగా తల్లీ."

"చదవక్కర్లేదు. ఏం కనపడితే అది చెప్పు చాలు."

లూర్దమ్మ కూర్చుంది. క్రిస్టీ మీట నొక్కింది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఇన్నేళ్ళూ ఆ గొణుగుడు ఆగితే బాగుండని కోరుకున్న మనిషికి, ఇప్పుడు ఆ నిశ్శబ్దం గుండెల్లో దడ పుట్టించింది.

"తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతన్నయే... ఇంకా తిరుగుతన్నయ్... కింద ఏదో ఒక వరస వచ్చింది... పోయింది... అమ్మో, అంతా నల్లగా అయిపోయిందే!"

"కంగారు పడకు. ఆరిపోయి మళ్ళీ వెలుగుద్ది."

"వచ్చింది! నీలంగా వచ్చింది!"

ఎప్పుడు పట్టుకుందో ఏమో, కూతురి మోచెయ్యి లూర్దమ్మ చేతిలో ఉంది. రూబెన్ గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. క్రిస్టీ తన పాస్‌వర్డ్ కొట్టింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా ఆ పాత ఆడగొంతు, జీరబోయినట్టుండే తెలుగు గొంతు, గడగడా గడగడా మొదలుపెట్టింది.

"స్తోత్రం ప్రభువా!" అని లూర్దమ్మ కేక పెట్టింది. రూబెన్ గోడకి ఆనుకుని కిందికి జారి కూలబడిపోయాడు. "సారీ చెల్లీ," అన్నాడు. క్రిస్టీ చెయ్యి చాచి వాడి తల ఎక్కడుందో వెతుక్కుని జుట్టు పట్టుకుని గట్టిగా గుంజింది. "ఇంకోసారి అడక్కుండా ముట్టుకుంటే నీ ఫోను క్లీన్ చేస్తా," అంది. వాడు నొప్పితో అరిచాడు, నవ్వాడు కూడా.

పదకొండుకి ఇంకా కొంచెం టైముంది. లూర్దమ్మ లేవలేదు. "ఏం చెప్తందే అది? రోజూ ఏం చెప్తదది నీకు?" అని అడిగింది. ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదని అడిగాక గుర్తొచ్చింది.

"నేను రాసుకున్న ఇవాళ్టి పాఠం చెప్తంది. నీకోసం నెమ్మది చేస్తా, విను."

గొంతు నెమ్మదించింది. గడగడ తగ్గి మాటలయ్యాయి. పాఠం వాళ్ళ ఊరి ధనంబోడు గురించి. గుట్ట మీది బౌద్ధ స్తూపం గురించి.

"పిల్లలూ, గుట్ట ఎక్కేటప్పుడు మాట్లాడకండి," అంది ఆ గొంతు. "మొదట్లో హైవే మీద లారీలు వినపడతాయి. ఎక్కేకొద్దీ ఆ మోత సన్నబడుతుంది. గాలి ముందు ఒక చెంపకే తగులుతుంది. రెండు చెంపలకీ తగిలిందంటే మీరు పైకి చేరినట్టు. ఇప్పుడు వంగి రాయి మీద అరచెయ్యి పెట్టండి. పైన వేడి, అంచు కింద చల్లన. వేలు నెమ్మదిగా జరపండి. ఉలి ఆగిన చోట వేలు ఆగుతుంది. రెండువేల ఏళ్ళ కిందట ఒక మనిషి చెయ్యి సరిగ్గా అక్కడే ఉంది. అతని పేరు మనకి తెలీదు. కానీ మీరు అతన్ని తాకారు."

లూర్దమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఆ గుట్ట ఆవిడకి తెలియనిదా! సండేస్కూలు పిల్లలతో క్రిస్టీని ఆవిడే తీసుకెళ్ళింది. ఎనిమిదేళ్ళ పిల్ల. దారి పొడుగునా చెయ్యి వదలకుండా, పడతావే, ముళ్ళున్నయ్యే, ముట్టుకోకే అని అరుస్తూనే ఉంది. తనకి ఆ గుట్ట మీద కనిపించింది ఎండ, ముళ్ళకంప, నాలుగు రాళ్ళు. అరుపుల మధ్య ఆ పిల్ల ఎప్పుడు వింది లారీల మోత సన్నబడడం? ఎప్పుడు పెట్టింది రాయి మీద చెయ్యి? తన చేతిలో చెయ్యి ఉండగానే కూతురు ఇంత లోకం చూసొచ్చింది. ఒక్కదానివి ఏం చెయ్యగలవని ఇందాక అన్నది ఈ పిల్లనే. లూర్దమ్మ కళ్ళు ధారలు కట్టాయి. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

పాఠం మొదలైంది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో ఆ గడగడ వింటూనే, నోటితో నెమ్మదిగా, స్పష్టంగా పాఠం చెప్తోంది క్రిస్టీ. రెండూ ఒకేసారి ఎట్లా చెయ్యగలుగుతోందో తల్లికీ అంతుపట్టలేదు, అన్నకీ అంతుపట్టలేదు. అవతల కూర్చున్నవాళ్ళలో ఎవరో పెద్దాయన ప్రశ్నలు అడగడం మానేసి వింటూ ఉండిపోయాడు. ఆఖర్న, "ఈ గుట్టకి మేం ఎన్నిసార్లో వచ్చామమ్మా. ఇట్లా ఎప్పుడూ రాలేదు. ఎప్పుడు చేరతారు?" అన్నాడు.

క్రిస్టీ ల్యాప్‌టాప్ మూసింది. సంతోషం మొహం నిండా ఉంది. తల పక్కకి వంచి వాళ్ళమ్మ ఊపిరి ఎట్లా ఉందో వింటున్నట్టుంది.

లూర్దమ్మ ముక్కు చీదుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆదివారం ఆరాధన అయ్యాక నందిగామ పోదాం," అంది. "ఆ గది, ఆ బస్టాండు, నువ్వు రోడ్డు దాటబోయే చోటు, అన్నీ నాకు చూపించు."

"నువ్వు తీసుకెళ్తావా అమ్మా?"

"నేను కాదే." ఆవిడ కూతురి చెయ్యి అందుకుంది. "నువ్వే నన్ను తీసుకెళ్ళు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళు. నేను కళ్ళు మూసుకుని నడుస్తా."