ఊపిరి దగ్గర కోత

2002 నవంబరు 12, మధ్యాహ్నం మూడు గంటలు. పెడనలో ఒక మగ్గాల షెడ్డు.

నూలు గోతాల చాటున కూర్చుని నిఘా విభాగం వేగు అప్పయ్య అరచేతిలో ఇమిడే మినీడిస్క్ రికార్డరులో రిపోర్టు చెప్పుకుంటున్నాడు. ఏడు గజాల దూరంలో భార్య దేవమ్మ మగ్గం నేస్తోంది. ఆ చప్పుడు తన మాటలను కప్పేస్తుందని అతని ధీమా. రిపోర్టు ముగించి బటన్ నొక్కాడు. వెనక నుంచి వచ్చిన కత్తి గొంతు కోసింది. రెండో పోటు పక్కటెముకల మధ్య దిగింది. అతడు కేక వేయలేదు. గొంతు తెగిన మనిషికి ఆ వీలుండదు.

నాలుగు గంటల తరువాత, మచిలీపట్నంలో మూతబడిన ఒక ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసుగదిలో ఆ డిస్కు మోగింది.

"వచ్చే మంగళవారం సాయంత్రం నాలుగింటికి. పులిగడ్డ అక్విడక్ట్ దగ్గర..."

చీఫ్ సోమేశ్వరరావు స్పీకరు కట్టేశాడు. ఎదురుగా ఇద్దరు. ఏజెంట్ గిరిధర్. శవం దగ్గరికి అందరికంటె ముందు చేరి డిస్కు తెచ్చిన తేజస్విని. డిపార్ట్‌మెంటులో ఉన్న ఏకైక సౌండ్ ఎక్స్‌పర్ట్. కలంకారీ చీర, ముత్యాల దుద్దులు, ఎవరి మీదా నిలవని చూపు.

"విదేశీ ముఠా. కోడ్‌నేమ్ నల్లకొంగ," అన్నాడు చీఫ్. "తీరప్రాంత రాడార్‌కు స్థలం చూడటానికి ఐదుగురు ఇంజనీర్లు దివిసీమ వస్తున్నారు. వాళ్లే టార్గెట్. తేజస్వినీ, రికార్డింగ్ అసలైనదేనా?"

"అసలైనదే సార్."

ఆమె వెళ్లిపోయాక చీఫ్ గిరిధర్ వైపు తిరిగాడు. "ఒక్క నిపుణురాలి మాట అభిప్రాయమేగాని సాక్ష్యం కాదు. రెండో జత చెవులు కావాలి. వారం టైముంది, వెళ్లి ఆడియో ఎడిటింగ్ నేర్చుకో."

"నాకు పిస్టల్ వచ్చు సార్. కత్తెర రాదు."

"అందుకే పంపుతున్నాను. రానివాడికి ముందే ఒక నమ్మకం ఉండదు."

గుడివాడలో వెంకటరత్నం మాస్టారు ముప్పై ఏళ్లుగా పరిషత్తు నాటకాలకు ఉరుములు, రైళ్లు, ఏడుపులు సరఫరా చేస్తున్న మనిషి. గదిలో ఒక కంప్యూటరు, దాని పక్కన గౌరవంగా ఒక స్పూల్ టేపు మెషీను. మంగళవారానికి దివిసీమ ఉప్పెన వచ్చి పాతికేళ్లు. కోడూరు సంస్మరణ సభలో వినిపించడానికి ఆయన ఒక శబ్దకథ తయారుచేస్తున్నాడు. అందులో వ్యాఖ్యాత లేడు. గాలి, నీళ్లు, తలుపు, చివర ఒక ముసలమ్మ ఊపిరి.

మొదటి రోజు గిరిధర్ ఒక రైతు ఇంటర్వ్యూను శుభ్రం చేశాడు. దగ్గులు, తడబాట్లు, ఊపిరులు అన్నీ తీసేశాడు. మాస్టారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని నెమ్మదిగా తీశారు.

"చంపేశావు కదయ్యా!"

"అనవసరమైనవే తీశాను మాస్టారూ."

"ఊపిరి అనవసరమా? ఓ నిమిషం మానేసి చూడు. కోత పెట్టాల్సింది ఊపిరి దగ్గర. ఊపిరి మీద కాదు. పోలీసోడివి, నీకు చెప్పడం కష్టమే."

"ఇన్సూరెన్సు ఏజెంటునని చెప్పాను కదండీ."

"చెప్పావులే. పాలసీ సంగతి ఒక్కసారన్నా ఎత్తావా?"

మూడో రోజు శిష్యుడు అంతకంటె పెద్ద ఘనకార్యం చేశాడు. కృత్తివెన్ను ముసలమ్మ ఊపిరి ఉన్న మినీడిస్కు ట్రాకును పొరపాటున చెరిపేశాడు. మాస్టారు తిట్టాల్సినంతా తిట్టి, మరో డిస్కు సాయంతో గంటలో దాన్ని వెనక్కి తెచ్చారు.

"ఈ డిస్కు పుస్తకం లాంటిది. చెరిపితే చిరిగేది విషయసూచికే. పేజీలు లోపలే ఉంటాయి. సూచిక మళ్లీ రాసుకుంటే సరి."

మంగళవారం ఉదయం. దళం పులిగడ్డలో మాటువేసింది. మాస్టారు తన మెషీనుతో కోడూరు వెళ్లారు. ఇంజనీర్లను కూడా అక్విడక్ట్‌కు దూరంగా ఆ సభకే అతిథులుగా పంపారు. అక్కడ సౌండు సాయానికి తేజస్విని వెళ్లింది. ఐస్ ఫ్యాక్టరీలో గిరిధర్ అప్పయ్య గొంతును వందోసారి వింటున్నాడు. మాటల మీద విసుగు పుట్టి వెనకనున్న మగ్గాన్ని వినసాగాడు. పోగును ఇటూ అటూ మోసే నాడె ఎడమ చెవిలో కొట్టుకుంది. కుడి చెవిలో కొట్టుకుంది. ఎడమ, కుడి, ఎడమ, కుడి.

'అక్విడక్ట్ దగ్గర' అన్న మాట తరువాత, కుడి.

మళ్లీ కుడి.

మొదట తన చెవులను అనుమానించాడు. హెడ్‌ఫోన్లు తిప్పి పెట్టుకున్నాడు. ఈసారి ఎడమ, ఎడమ. లోపం చెవుల్లో లేదు. బైకు పెడన వైపు పరిగెత్తింది.

దేవమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. మగ్గం మీద సగం చీర అలాగే ఉంది.

"అమ్మా, నాడె వరసగా రెండుసార్లు ఒకే పక్కకు పోతుందా?"

"ఎట్టా పోద్దండీ? ఇటు తిరిగొస్తేనేగా మళ్లీ అటు పోయేది!"

"ఆ వేళ మధ్యలో మగ్గం ఆపారా?"

"ఆపలేదండీ." ఆమె మగ్గం మీది సగం చీర వైపు తిరిగింది. "ఆయన పడ్డ చప్పుడు విన్నాకే ఆపాను. గోతం పడిందనుకున్నానండీ."

అంటే డిస్కులో ఆ చోట కొంత కాలం మాయమైంది. గిరిధర్‌కు ఇంకొకటి తట్టింది. అప్పయ్య 'దగ్గర' అన్నప్పుడు స్వరం కిందికి దిగలేదు, పైనే నిలిచింది. వెనక ఇంకో మాట ఉంది. తెలుగులో 'కాదు' వాక్యం చివర కూర్చుంటుంది. కత్తెర పట్టినవాడికి ఇంతకంటె అనుకూలమైన భాష ఉండదు.

మధ్యాహ్నం ఒకటిన్నరకు, తన పొరపాటు నేర్పిన పాఠంతోనే, చెరిపిన ట్రాకును వెనక్కి తెచ్చాడు.

"...కాదు. కోడూరు సభలో. స్పీకరు పెట్టెలో బాంబు ఉంది. కథ చివర ఈల వినపడగానే పేలుద్ది. కరెంటు తీసినా పేలుద్ది. మన సౌండు అమ్మాయి వాళ్ల మనిషే."

గిరిధర్ సెల్‌ఫోనులో చీఫ్‌కు అది వినిపించాడు. "కోడూరులో మన ఫోన్ ఎవరి దగ్గరుంది?"

"తేజస్విని దగ్గర సార్."

"దళాన్ని తిప్పుతాను. కానీ దళం కనిపిస్తే ఆమె ముందే పేల్చేస్తుంది, నువ్వొక్కడివే ముందు వెళ్లు."

నాలుగుకు ఎనిమిది నిమిషాలు. మైక్‌సెట్ పనివాడి ఖాకీ చొక్కాలో, భుజాన వైరు చుట్టతో గిరిధర్ వేదిక వెనకకు చేరాడు. అవతల మూడు వేలమంది, ముందు వరసలో ఐదుగురు ఇంజనీర్లు. స్పీకర్లలో ఉప్పెన గాలి హోరెత్తుతోంది. ఆ హోరులో ఏ పెనుగులాటా ఎవరికీ వినపడదు.

పరదా దగ్గర నల్లకొంగ కాపలావాడు నడుముకు చేయి పోనిచ్చాడు. గిరిధర్ వైరు వాడి మెడకు చుట్టి బిగించాడు. కాళ్లు ఆరుసార్లు తన్నుకున్నాయి. ఏడోది లేదు.

లోపల మాస్టారు కుర్చీకి కట్టేసి ఉన్నారు. నుదుటి నుంచి రక్తం. నోటికి ప్లాస్టరు. పక్కన సైలెన్సరు పిస్టల్‌తో తేజస్విని.

"తొందరపడ్డారు గిరిధర్ గారూ. కథ అయిపోలేదు."

"మీ కోత దగ్గర నాడె రెండుసార్లు కుడికి వెళ్లింది."

ఆమె నిజంగానే నొచ్చుకుంది. "మగ్గం చప్పుడు ఎవరు వింటారులే అనుకున్నాను."

గుండు అతని ఎడమ భుజాన్ని చీల్చుకుపోయింది. మాస్టారు కుర్చీతో సహా ఆమె మోకాళ్ల మీదకు ఒరిగారు. గురితప్పిన రెండో గుండు స్పూల్ మెషీను మీటలను తునాతునకలు చేసింది. గిరిధర్ ఆమె మణికట్టు పట్టి మెలితిప్పాడు. ఎముక విరిగింది. మూడో గుండు ఆమె గడ్డం కింద పేలింది. ముత్యాల దుద్దు ఒకటి మెషీను పక్కకు దొర్లింది.

స్పూలు మాత్రం తిరుగుతూనే ఉంది. ఆపడానికి మీట లేదు. ప్లగ్ పీకకూడదు. చేత్తో పట్టి ఆపితే వేగం తగ్గి స్వరం జారుతుంది. ఏ స్వరానికి ఆ పెట్టె ఈల అనుకుంటుందో ఎవరు చెప్పగలరు?

మాస్టారు కళ్లతో చూపించారు. బ్లేడు. తరువాత స్పూలు.

చుట్టల మధ్య తెల్లగా ఒక అతుకు మెరుస్తోంది. ఆమె ఈల అతికించిన చోటు అది. స్పీకర్లలో గాలి ఆగింది. నీళ్లు ఆగాయి. తలుపు ఒకసారి కొట్టుకుంది. అతుకు చుట్ట వదిలి, టేపును చదివే హెడ్ వైపు కదిలింది. ముసలమ్మ ఊపిరి తీసుకుంది.

ఊపిరి దగ్గర. ఊపిరి మీద కాదు.

నెత్తుటి వేళ్లు పట్టిన బ్లేడు కిందికి దిగింది. టేపు తెగింది. తెగిన కొస హెడ్ దాటి గిలగిల కొట్టుకుంది. తెల్లని అతుకు హెడ్‌కు రెండంగుళాల ఇవతల నిలిచిపోయింది.

స్పీకర్లలో సన్నని హమ్ తప్ప ఏమీ లేదు. అదే ముగింపనుకుని మూడు వేలమంది లేచి, మాట లేకుండా నిలబడ్డారు.

గంట తరువాత బాంబు స్క్వాడ్ పెట్టె విప్పి తొమ్మిది కిలోల పేలుడు పదార్థం బయటికి తీసింది. చీఫ్ భుజం తట్టబోయి, ఏ భుజమో చూసి మానుకున్నాడు. గిరిధర్ కట్టు కట్టించుకుంటూనే మాస్టారి వైపు చూశాడు.

"కోత ఎలా ఉంది మాస్టారూ?"

ఆయన నోటి ప్లాస్టరు అంటిన మీసాన్ని సవరించుకున్నారు.

"ముసలమ్మ ఊపిరి వదలకముందే కోసేశావయ్యా. రేపు ఏడింటికల్లా రా."